చపాతీ చెయ్యి, బ్రెడ్డు పిండి

పోయిన నెల ఇంట్లో శాండ్‌విచ్ బ్రెడ్డు చేసుకునే విధానం రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఆవకాయ మీద రాసినప్పుడు కూడా రాలేదు. సగానికి పైగా ఒకటే గోడు: "గట్టిగా వచ్చిందండీ." అందుకని ఈసారి శీర్షిక మొత్తం బ్రెడ్డుకే ఇచ్చేస్తున్నాను.

ఆ సంచిక చూడనివాళ్ల కోసం కొలతలు మళ్లీ: మైదా 400 గ్రాములు, పాలు 140, నీళ్లు 130, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, పంచదార 25, ఉప్పు 7, వెన్న 35. పాలూ నీళ్లూ కూడా గ్రాముల్లోనే. టిన్ను తొమ్మిదంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతు. కలపాలి, పిసకాలి, రెండింతలు పొంగనివ్వాలి, గాలి తీసి చాపలా చుట్టి టిన్నులో పెట్టాలి, మళ్లీ పొంగాక 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు కాల్చాలి. చెప్పుకుంటే ఇంతే. తిప్పలన్నీ మధ్యలో ఉన్నాయి.

ప్రశ్న: *అక్కా, మీరిచ్చిన కొలతలతోనే చేశాను. పిండి చేతికి బాగా అంటుకుంటుంటే కాస్త పొడి పిండి చల్లుకుంటూ ముద్ద చేశాను. పొంగింది కూడా. కానీ కోస్తే పొడిపొడిగా రాలింది, మర్నాటికి రస్కులా అయిపోయింది. తప్పు ఓవెన్‌దా, ఈస్ట్‌దా?* (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: రెండిటిదీ కాదు చెల్లెమ్మా. "కాస్త పొడి పిండి చల్లుకుంటూ" అన్నావు చూడు, అక్కడ ఉంది తప్పు. ఆ కాస్త ఎంతో నువ్వు తూచలేదు. నేను ఒకసారి తూచాను. రాజమండ్రిలో మా ఇంటికి బ్రెడ్డు నేర్చుకోవడానికి ఒకావిడ వచ్చింది. ఆవిడకి చెప్పకుండా మైదా డబ్బాని ముందే తూకం వేసి పెట్టాను. పని అయ్యాక మళ్లీ వేస్తే 70 గ్రాములు తగ్గింది. ఆవిడ నమ్మలేదు, "రెండు చిటికెలేగా వేసింది" అంది. 400 గ్రాములు కాస్తా 470 అయ్యాయి, పాలూ నీళ్లూ మాత్రం అవే 270. అది ఇక బ్రెడ్డు పిండి కాదు, పూరీ పిండి.

మన చేతులకి చపాతీ పిండి అలవాటు. వేళ్లకి అంటకూడదు, పళ్లెం తుడిచినట్టుండాలి, అప్పుడే పిండి బాగా కలిపినట్టు లెక్క. మరి ఉగాదికి బొబ్బట్ల పైపిండి ఎలా కలుపుతావు? జారుగా కలిపి, నూనె పోసి, సాగేదాకా పిసికి, గంటా రెండు గంటలు నానబెడతావు. అంటుకుంటోందని అందులో పొడి పిండి చల్లుతావా? చల్లితే బొబ్బట్టు అట్టముక్క అవుతుందని నీకే తెలుసు. బ్రెడ్డు పిండి బొబ్బట్ల పిండికి తోబుట్టువు. చపాతీ పిండికి దూరపు చుట్టం.

ఈసారి ఇలా చెయ్యి. వెన్న, ఉప్పు తప్ప మిగతావన్నీ గరిటెతో కలిపేసి, మూత పెట్టి పాతిక నిమిషాలు దాని జోలికి వెళ్లకు. పిండి నీళ్లు తాగుతుంది. పొడి పిండి వేయాలన్న ఆత్రం సగం అక్కడే తగ్గుతుంది. తర్వాత ఉప్పు వేసి పిసకడం మొదలుపెట్టు. మొదటి నాలుగైదు నిమిషాలు పనసజిగురులా పట్టుకుంటుంది. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకుంటాం కదా, ఇక్కడా అంతే, ఓ చుక్క నూనె. ఆ తర్వాత వెన్న కొంచెం కొంచెంగా వెయ్యి. వెన్న పడగానే పిండి ముక్కలైపోయి, అంతా పాడైపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడకు. పరోటా మాస్టారు బల్లమీద పిండి కొట్టడం చూసే ఉంటావు. అలా ఎత్తి బల్లకేసి కొట్టి, సాగదీసి, మడత పెట్టు. ఎనిమిదో నిమిషానికో పదో నిమిషానికో పిండి బల్లని వదలడం మొదలవుతుంది, చప్పుడు కూడా మారుతుంది. మొదట 'చప్' అన్నది 'ఠప్' అంటుంది.

అయిందో లేదో తెలియాలంటే నిమ్మకాయంత ముద్ద తీసుకుని, నూనె చేతులతో నాలుగు వైపులా నెమ్మదిగా లాగుతూ కిటికీకి ఎదురుగా పట్టుకో. పల్చటి పొరలోంచి వెలుతురు కనిపించాలి, వేళ్ల నీడ కనిపించాలి. అక్కడక్కడా తమలపాకు ఈనెల్లాంటి గీతలుంటాయి. ఇప్పుడు వేలితో చిల్లు పెట్టు. చిల్లు అంచు చిరిగిన గుడ్డలా పీచుపీచుగా ఉంటే ఇంకో మూడు నిమిషాలు పిసకాలి. నున్నగా గుండ్రంగా ఉంటే చాలు. ఆ పొరే లోపలి గాలిని పట్టి ఉంచేది. అది లేకుండా ఎంత పొంగినా కోసినప్పుడు రాలుతుంది.

ఇంకొకటి, కప్పుతో కొలవడం మానెయ్. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాములు వస్తుంది, చెంచాతో వదులుగా నింపితే 120. మూడు కప్పులకి తేడా ఎంతో చూసుకో. వంటింటి డిజిటల్ తూకం ఐదొందల లోపే వస్తుంది.

ప్రశ్న: *మేడమ్, బ్యాచిలర్‌ని. వేడి పాలల్లో ఈస్ట్, పంచదార వేసి పావుగంట ఉంచాను. నురగ రాలేదు. అయినా కలిపేశాను. మూడు గంటలైనా పిండి కదల్లేదు. ఇక్కడి చలి వల్లేనా?* (ఒక ఉద్యోగి, ఆదిలాబాద్)

జవాబు: ఆదిలాబాద్ చలి సంగతి అందరికీ తెలిసిందే గానీ తమ్ముడూ, చలికి ఈస్ట్ నిద్రపోతుందే తప్ప చావదు. పాలు ఎంత వేడిగా ఉన్నాయో రాయలేదు. 35 నుంచి 40 డిగ్రీల మధ్య దానికి హాయి. 60 దగ్గరికొస్తే ప్రాణం పోతుంది. నురగ రానప్పుడే ఆగాల్సింది. ఆ చెంచాడు ఈస్ట్‌తో పోయేదానికి అరకిలో మైదా కూడా తోడు పంపావు.

నాకూ జరిగింది. మొదటిసారి చేసినప్పుడు పాలల్లో వేలు పెట్టి చూసి "గోరువెచ్చగానే ఉన్నాయి" అనుకున్నాను. పొయ్యి మీంచి గిన్నెలు పట్టకారు లేకుండా దించే వేళ్లు నావి, వాటికి వేడి తెలిసి చచ్చిందా! రెండుసార్లు పిండి పారబోశాక మా అమ్మాయి తన వేలు ముంచి "అమ్మా, కాలుతోంది" అంటే గానీ అర్థం కాలేదు. అందుకే వేలితో వద్దు. చంటిపిల్లల పాలు చూసినట్టు మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకో. చల్లగానూ అనిపించకూడదు, చురుక్కుమనకూడదు.

పాలు సరిగ్గానే ఉన్నాయంటే ఈస్ట్ పాతదై ఉంటుంది. పొట్లం విప్పాక గాలి చొరని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టు. వంటింటి గూట్లో రబ్బరుబ్యాండు వేసి పెడితే త్వరగానే చచ్చిపోతుంది. ఇన్‌స్టంట్ ఈస్ట్‌ని నిజానికి నానబెట్టక్కర్లేదు, నేరుగా పిండిలో కలపొచ్చు. అనుమానంగా ఉంటేనే నీళ్లలో వేసి పరీక్ష చెయ్యి.

చలికి మందు: స్విచ్ వేయని ఓటీజీలో (బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ఒక గిన్నెడు మరిగే నీళ్లు, పక్కన పిండి గిన్నె పెట్టి తలుపు మూసెయ్. చలికాలం ఇడ్లీ పిండికి మీ అమ్మగారు దుప్పటి చుట్టేవారు కదా, అలాంటిదే.

ప్రశ్న: *నాది తిరగబడ్డ కథ. పిండి టిన్ను దాటి గొడుగులా పొంగింది, ఫొటో కూడా తీశాను. ఓవెన్‌లో పెట్టగానే మధ్యలో గుంట పడింది. కోస్తే కల్లు వాసన. చేసింది మే నెలలో.* (ఒక టీచరు, విజయవాడ)

జవాబు: మే నెల విజయవాడలో మీరు ఈస్ట్‌ని పొంగించక్కర్లేదు టీచరుగారూ, పట్టి ఆపాలి! వేసవిలో ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే గిన్నె దాటి గట్టు మీదికి రావడం మీకు తెలియనిది కాదు. నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈస్ట్ 5 గ్రాముల నుంచి 3కి తగ్గించి, ఫ్రిజ్‌లో నీళ్లు పోసి కలుపుతాను. అయినా నలభై నిమిషాలకే రెండింతలవుతుంది.

అసలు గడియారం చూడకండి, పిండిని చూడండి. టిన్నులో పెట్టాక అంచు దాటి అర అంగుళం లేచేసరికే ఓవెన్ వేడెక్కి సిద్ధంగా ఉండాలి. వేలికి పిండి అద్దుకుని పక్కగా నొక్కండి. గుంట నెమ్మదిగా సగం పూడి ఆగితే కాల్చే సమయం. వెంటనే మామూలైపోతే ఇంకాస్త ఆగాలి. అస్సలు పూడకపోతే సమయం దాటిపోయింది. అలా దాటిపోయినప్పుడు కాల్చకుండా, గాలి తీసేసి మళ్లీ చుట్టి టిన్నులో పెట్టేయండి. రుచి కొంచెం తగ్గుతుంది గానీ బ్రెడ్డు నిలబడుతుంది. ఫొటోలు తీయడానికి కాలిన తర్వాత బోలెడు టైముంటుంది.

ప్రశ్న: *మా అత్తగారికి ఎనభై దాటాయి. ఈస్ట్ ప్రాణమున్నదట, నీచు కింద లెక్కేనని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి బ్రెడ్డు ముట్టడం లేదు. గుడ్డు కూడా వేస్తారని ఆవిడ అనుమానం. ఏం చెప్పమంటారు?* (అమలాపురం)

జవాబు: నా కొలతల్లో గుడ్డు లేదు, అవసరమూ లేదు. ముందు ఆ మాట చెప్పండి. ఈస్ట్ జంతువు కాదు. పుట్టగొడుగుల వర్గానికి చెందిన, కంటికి కనిపించని జీవి. తాటికల్లు పులిసేది దీనివల్లే. గోవాలో పాతకాలం రొట్టెలవాళ్లు పిండి పొంగడానికి కొబ్బరికల్లే పోసేవారు. మనం తినే పావ్ అన్న పేరు కూడా పోర్చుగీసువాళ్లదే. ఈ కల్లు ముక్క మాత్రం మీ అత్తగారికి చెప్పకండి, ఉన్న అనుమానం రెండింతలవుతుంది. పెరుగులోనూ ప్రాణమున్న సూక్ష్మజీవులే ఉంటాయని చెప్పి చూడండి. అయినా వద్దంటే బలవంతం చేయొద్దండీ. ఎనభై ఏళ్లు బ్రెడ్డు లేకుండా గడిచాయి, ఆవిడకి పుల్లట్టు ఉంది.

ప్రశ్న: *నాన్నకి షుగర్. మైదా వద్దు, పూర్తిగా గోధుమపిండితో చేస్తే ఇటుకలా వస్తోంది. బజార్లో బ్రౌన్ బ్రెడ్డు మాత్రం దూదిలా ఎలా ఉంటుంది?* (కర్నూలు)

జవాబు: బజారు ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ చదవమ్మా. మొదటి పేరు మైదా అయి, చివర్లో ఎక్కడో కారమెల్ రంగు, 150ఏ అని ఉంటే ఆ గోధుమరంగు ఎక్కడిదో తెలిసిపోతుంది. అన్నీ అలాగే ఉంటాయని కాదు, చదివి కొనమంటున్నాను.

ఇంట్లో పూర్తి గోధుమపిండితో దూదిలాంటి బ్రెడ్డు రాదు. వస్తుందని ఎవరు చెప్పినా నేను నమ్మను. మన ఆటా రాళ్ల మధ్య నలుగుతుంది, అందులో పిండిపదార్థం బాగా దెబ్బతింటుంది, అందుకే నీళ్లు ఎక్కువ తాగుతుంది. చపాతీ మెత్తగా రావడానికి అది మంచిదే, బ్రెడ్డుకి కాదు. పైగా తవుడు ముక్కలు ఆ సాగే పొరని కోసేస్తాయి. మొదట సగం ఆటా, సగం మైదాతో చెయ్యి, నీళ్లు ఇంకో 30 గ్రాములు పెంచు. కలిపాక పాతిక నిమిషాలు కాదు, ముప్పావుగంట నాననివ్వు. చెయ్యి కుదిరాక ఆటా పెంచుకుంటూ పో. మొత్తం ఆటాయే అయితే 400 గ్రాములకి పాలూ నీళ్లూ కలిపి 320 దాకా పడుతుంది. అప్పుడు కూడా మైదా బ్రెడ్డంత ఎత్తు రాదు, సన్నగా కోసి కాల్చుకుంటే బావుంటుంది.

ఒక సంగతి దాచకూడదు. గోధుమ బ్రెడ్డులో పీచు ఎక్కువే గానీ, రక్తంలో చక్కెర పెంచే విషయంలో తెల్ల బ్రెడ్డుకీ దానికీ మనమనుకున్నంత తేడా లేదు. నాన్నగారికి ఎన్ని ముక్కలన్నది డాక్టరుగారినే అడుగు.

ప్రశ్న: *హాస్టల్ నుంచి రూముకి మారాం. ఓవెన్ లేదు. కుక్కర్లో ఇసుక పోసి చేయొచ్చా? ఈస్ట్ బదులు వంటసోడా సరిపోతుందా?* (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: సోడా సరిపోదు. సోడా పుట్టించే గాలి నిమిషాల్లో అయిపోతుంది, మిగిలేది ఉప్పగా ఉన్న కేకు. ఉన్న ఒక్క కుక్కర్‌నీ ఇసుక పోసి మాడ్చుకోకు, అడుగు వంగితే పప్పుకి కూడా పనికిరాదు. అలా కాల్చిన బ్రెడ్డుకి పైభాగం ఎర్రబడదు, ఉడికించినట్టు పాలిపోయి ఉంటుంది.

మా గోదావరి వైపు దిబ్బరొట్టె వేస్తారు, మందపాటి మూకుట్లో, మూత పెట్టి, సన్నని సెగ మీద. ఆ పద్ధతే నీకు. ఇదే పిండిని ఎనిమిది ఉండలు చేసి, అరచేతి మందాన ఒత్తి, అరగంట పొంగనిచ్చి, మూకుట్లో ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు కాల్చు. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తొందరపడకు. మధ్యకి చీల్చి ఆమ్లెట్ పెట్టుకుంటే అదే శాండ్‌విచ్.

ప్రశ్న: *అమ్మ గుంటూరు నుంచి వచ్చింది, మీ పత్రిక తెచ్చింది. ఇక్కడి పిండితో అవే కొలతలు పనికొస్తాయా?* (డాలస్)

జవాబు: పనికొస్తాయి. మన మైదాలో ప్రోటీన్ వందకి పది, పదకొండు గ్రాములు. అక్కడ బ్రెడ్ ఫ్లోర్ అని అమ్మేదాంట్లో పన్నెండు, పదమూడు ఉంటుంది. అది తీసుకుంటే నీళ్లు 15 గ్రాములు పెంచు. ఈస్ట్ పొట్లంలో 7 గ్రాములుంటాయి, మొత్తం వేసేయకు. ఏసీ ఇల్లు కాబట్టి పొంగడానికి గంటన్నర పట్టొచ్చు. అమ్మగారికి బొబ్బట్లు వచ్చుంటే పిసికే పని ఆవిడకే అప్పజెప్పు.

ప్రశ్న: *మొదటి రోజు మెత్తగానే ఉంది. ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకే గట్టిపడింది. కొన్న బ్రెడ్డు ఐదు రోజులైనా మెత్తగా ఉంటుంది. వాళ్లేం కలుపుతారు?* (హైదరాబాద్)

జవాబు: ముందు ఫ్రిజ్‌లోంచి తీసేయండి. అన్నం ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి మెతుకులు పలుకుల్లా అవుతాయి చూడండి, బ్రెడ్డులోనూ అదే పిండిపదార్థం, అదే తంతు. బయటకంటే ఫ్రిజ్ చల్లదనంలోనే త్వరగా బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో అయిపోతుందనుకుంటే గుడ్డ చుట్టి డబ్బాలో బయటే ఉంచండి. వానాకాలం మా రాజమండ్రిలో మూడో రోజుకి బూజు ఖాయం, కాబట్టి మిగిలింది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. తీసి నేరుగా పెనం మీద వేసేయొచ్చు.

కొన్నదాంట్లో బూజు రాకుండా కాల్షియం ప్రొపియోనేట్ వేస్తారు, పట్టీ మీద 282 అని కనిపిస్తుంది. మెత్తదనం నిలవడానికి ఎమల్సిఫయర్లు, ఎంజైములు వేరే. ఇవి అనుమతి ఉన్నవే. పిండి బాగా పొంగడానికి వేస్తూ వచ్చిన పొటాషియం బ్రోమేట్ సంగతి మాత్రం వేరు, దాని మీద క్యాన్సర్ అనుమానం ఉంది. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బ్రెడ్డు నమూనాలు పరీక్ష చేయించి దాని గుట్టు బయటపెట్టింది, ఆ ఏడాదే మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని అనుమతుల జాబితాలోంచి తీసేసింది. మా చిన్నప్పుడు సామర్లకోటలో ఇవేవీ తెలీదు. జ్వరమొస్తేనే బ్రెడ్డు, పాలు. ఆసుపత్రికి చూడబోయేవాళ్ల చేతిలో బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్. ఇప్పటికీ పాలల్లో ముంచిన బ్రెడ్డు వాసనొస్తే నాకు ఒళ్లు వెచ్చగా అనిపిస్తుంది.

ఇంట్లో మెత్తదనం ఇంకో రోజు నిలవాలంటే జావ కాచండి. కొలతలోని మైదాలోంచి 20 గ్రాములు, నీళ్లలోంచి 100 గ్రాములు తీసి, ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద తిప్పండి. గరిటె లాగితే అడుగున దారి పడేంత చిక్కబడగానే దించి, చల్లారాక పిండిలో కలపండి. చైనా, తైవాన్ వైపు దీన్ని టాంగ్‌జోంగ్ అంటారు. ఉడికిన పిండి నీటిని పట్టేసుకుని వదలదు. మన రాగి అంబలి కాచే చేతికి ఇదో పెద్ద పని కాదు. ఇక కాలిన బ్రెడ్డుని వెంటనే టిన్నులోంచి తీసి జల్లెడ మీద పెట్టండి, లేకపోతే అడుగు చెమ్మగిల్లుతుంది. పైన కొంచెం వెన్న రాసి పల్చటి గుడ్డ కప్పండి. గంటన్నర దాకా కత్తి దగ్గరికి రానివ్వకండి. వేడి మీద కోస్తే లోపల బంకబంకగా నలిగిపోతుంది.

మీరు హైదరాబాద్ కాబట్టి ఇంకోటి చెబుతాను. ఆ గట్టిపడ్డది పారేయకండి, డబల్ కా మీఠాకి కావాల్సింది అదే. మెత్తటి తాజా బ్రెడ్డు నెయ్యంతా పీల్చేసి పాకంలో ముద్దవుతుంది. ఎండిన ముక్క నేతిలో ఎర్రగా వేగి, పాకం తాగాక కూడా ముక్కగానే నిలుస్తుంది. తెనాలి చెల్లెమ్మా, నీ రస్కు బ్రెడ్డు ఇంకా ఉంటే నువ్వూ ఇదే చెయ్యి. ముక్కలు మాత్రం పెద్దవిగా కోసుకో, నీది రాలుతుందన్నావుగా.